రెండున్నర మందం డోమ్

2022 మే నెల. దిల్‌సుఖ్‌నగర్ దాటి ఎల్‌బీ నగర్ వైపు పోతుంటే కొత్తపేటలో, మెట్రో పిల్లర్ల పక్క సందులో, స్టీలు సామాన్ల దుకాణం పైన మా ఆఫీసు. మా బోర్డు చదివి మెట్లెక్కి వచ్చేవాళ్లు ఎక్కువగా అడిగేది ఒకటే: "ఇక్కడ కంప్యూటర్ కోర్సులు నేర్పిస్తారా?" దిల్‌సుఖ్‌నగర్‌లో ఏ మెట్లెక్కినా కోచింగ్ సెంటరే తగులుతుంది కాబట్టి వాళ్లను తప్పుపట్టలేను. లేదమ్మా, మేం లెక్కలు చేస్తాం అంటే "ట్యూషనా?" అంటారు. ఇరవై రెండేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. మా పక్కింటివాళ్లకు ఇప్పటికీ నేను లెక్కల టీచరునే.

మేం చేసేవి స్కాటరింగ్ లెక్కలు. రాడార్ నుంచి బయలుదేరిన విద్యుదయస్కాంత తరంగం ఒక వస్తువుకు తగిలితే, ఎటువైపు ఎంత చెదిరిపోతుందో కంప్యూటర్ మీద లెక్క కట్టి చెప్పడం మా పని. ముందుగా ఆ వస్తువు ఉపరితలాన్ని చిన్న చిన్న త్రికోణాలుగా కోస్తాం. దాన్ని మెష్ అంటాం. ఒక్కో త్రికోణం మీద ఎంత కరెంటు పుడుతుందో కనిపెట్టాలి. చిక్కేమిటంటే ప్రతి ముక్కా మిగతా ముక్కలన్నింటి మీదా ప్రభావం చూపిస్తుంది. తరంగం పొడవు మూడు సెంటీమీటర్లై, వస్తువు మూడు మీటర్లుంటే, తేలాల్సిన సంఖ్యలు కోట్లలోకి పోతాయి. అది ఒక్క కంప్యూటర్ వల్ల అయ్యే పని కాదు. అందుకే పదహారు మిషన్లను కలిపి, లెక్కను ముక్కలుగా పంచుతాం. ఎవరి వాటా వాళ్లు చేసుకుంటూ, మధ్య మధ్యలో ఒకరి ఫలితం ఒకరికి అందించుకుంటూ పోతారు. ప్యారలల్ కంప్యూటింగ్ అని పెద్ద పేరున్నా చేసేది ఇంతే.

ఆ పదహారు మిషన్లూ ఎస్తేరు చేతిలో ఉంటాయి. ఎస్తేరు నా భాగస్వామి, నాకన్నా పదిహేనేళ్లు చిన్నది. చౌటుప్పల్ దగ్గరి పల్లె వాళ్లది. ఆదివారం చర్చి అయ్యాక కూడా ఒకసారి ఆఫీసుకు వచ్చి, మిషన్ల మీద చెయ్యి వేసి జ్వరం చూసినట్టు చూసి పోతుంది. నాకు కోపం ముక్కు మీద ఉంటుంది, తనకు ఓపిక ఎక్కువ. అందుకే మా దుకాణం ఇన్నేళ్లు నడిచింది.

ఆ మే నెలలో మా దగ్గరికి ప్రసాద్ గారు వచ్చారు. చిన్న వాతావరణ రాడార్లు తయారుచేసే ఒక కంపెనీకి మేనేజరు. కోస్తా మనిషి, మాట తీరు మెత్తగా ఉంటుంది. వాళ్ల మొదటి రాడార్‌ను పెద్ద అంబర్‌పేట్‌లో ఒక కాలేజీ మిద్దె మీద పెట్టారు. ఎండావానలు తగలకుండా దాని మీద తెల్లటి ఫైబర్ డోమ్ బోర్లించారు. అంతా బాగానే ఉంది గానీ, తెర మీద ఒక వింత.

"వాన పడుతోందండీ," అన్నారు ప్రసాద్ గారు. "తుర్కయంజాల్ మీద. పొద్దున్నా, మధ్యాహ్నం, సాయంత్రం. మేం కారేసుకుని వెళ్లి చూశామండీ. నెత్తి మాడిపోయే ఎండ! తెర మీద మాత్రం కుండపోత."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

"ఆ డోమ్ చేసినతను గోడ పల్చగా కొట్టేశాడని మా అనుమానమండీ. మీరు లెక్క కట్టి చెప్తే సరిపోతుంది."

ఆయన అనుమానంలో అర్థం ఉంది. డోమ్ గోడకు లోపలి ముఖం ఒకటి, బయటి ముఖం ఒకటి. తరంగం రెండింటి మీదా కొంచెం వెనక్కి తిరుగుతుంది. గోడ సరైన మందంలో ఉంటే ఆ రెండు ప్రతిఫలనాలూ ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి, రాడార్‌కు గోడ ఉన్నట్టే తెలియదు. ఆ తరంగానికి, ఆ ఫైబర్‌కు సరైన మందం ఎనిమిది మిల్లీమీటర్లు. డ్రాయింగులో అదే ఉంది. అంతకంటే బాగా పల్చబడితే గోడ సగం అద్దంలా మారి, తరంగాన్ని ఎటంటే అటు తిప్పికొడుతుంది.

డ్రాయింగు సంగతి సరే, నిజంగా ఎంత వచ్చిందో తెలియాలి కదా. డోమ్ చేసిన యాదగిరి గారికి నేనే ఫోన్ చేశాను. నల్గొండ వైపు నుంచి వచ్చి, పెద్ద అంబర్‌పేట్‌లో ఫైబర్ షెడ్డు నడుపుతున్న మనిషి. వెనకాల గ్రైండర్ రొద.

"గోడ మందం ఎంత వచ్చిందండీ?" అని అరిచాను.

"రెండున్నర మేడం!"

"రెండున్నరా?"

"అవ్ మేడం. ఏడ గొలిచినా రెండున్నరనే. ఎంట్రుక వాసి ఫరక్ రాదు. నా పని గట్లనే ఉంటది."

నేను ఫోన్ పెట్టేసి ఎస్తేరు వైపు తిరిగాను. "చూసినవా! ఎనిమిది చెయ్యమంటే రెండున్నర చేసి, పైగా గొప్పలు!" అన్నాను. నిజంగా ఒళ్లు మండింది. ఆ కోపంలోనే కంప్యూటర్‌లో మందం దగ్గర రెండు పాయింట్ అయిదు మిల్లీమీటర్లు అని కొట్టాను.

మిషన్లు రెండు రోజులు ఆడాయి. ఫలితం అనుకున్నట్టే వచ్చింది. గోడ తరంగాన్ని గట్టిగా తిప్పికొడుతోంది. ఎస్తేరు మాత్రం తెర ముందు చాలాసేపు కూర్చుని, "అక్కా, గోడ అంతట పల్చగుంటే అన్ని దిక్కుల్ల వాన కనపడాలె గద. ఒక్క తుర్కయంజాల్ దిక్కే ఎందుకు?" అంది.

"డోమ్ ముక్కల అతుకు అటు దిక్కు వచ్చి ఉంటది," అన్నాను.

"అతుకు ఎటున్నదో అడిగినవా?"

అడగలేదు. అడగాలని కూడా అనిపించలేదు. మనిషి తన నోటితోనే ఒప్పుకున్నాడు కదా అన్న ధీమా. గోడ మందం చాలదు, డోమ్ మార్చాలి అని రాసి, రిపోర్టు ప్రసాద్ గారికి పంపేశాను.

బుధవారం పొద్దున, ఆఫీసు తాళం తీసి అర్ధగంట కాలేదు, ఒకాయన మెట్లెక్కి వచ్చాడు. యాభై ఏళ్లుంటాయి. చేతుల నిండా ఆరిపోయిన రెజిన్ జిగురు మరకలు, భుజాన గోనె సంచి.

"మీరేనా మేడం, నా డోమ్ చెడ్డదన్నది?"

అరవలేదు. అరిస్తే నాకు సుఖంగా ఉండేది, నేనూ అరిచేదాన్ని. కుర్చీ చూపిస్తే అంచున కూర్చున్నాడు.

"ప్రసాద్ సార్ ఒక్కటే మాట జెప్పిండు. కంప్యూటర్ లెక్క ప్రకారం తప్పు నీదే, ఇంక ఆరు డోమ్‌ల ఆర్డర్ ఆపినం అని. గా ఆరు డోమ్‌ల కోసమే కొత్త షెడ్డు కిరాయికి తీసుకున్న. పదకొండు మంది పని జేస్తున్నరు మేడం నా దగ్గర. ఆర్డర్ పోతే పోయింది, ఇంకోటి ఎతుక్కుంట. కానీ యాదగిరి పల్చగ కొట్టిండు అని పేరు పడితే, గీ ఎల్‌బీ నగర్ నుంచి పెద్ద అంబర్‌పేట్ దాంక నాకు పనిచ్చేటోడు ఉండడు. ఎట్ల చెడ్డదో జర చూపియ్యుండ్రి. నా తప్పుంటే నా చేతుల్తోనే పలగ్గొడత."

నేను తెర ముందుకు పిలిచి, రంగుల బొమ్మ చూపించాను. ఎర్రగా ఉన్నచోట తరంగం వెనక్కి తిరుగుతోందని చెప్పాను. ఆయన ముందుకు వంగి చూశాడు.

"గోడ మందం ఎంత పెట్టిన్రు మేడం?"

"మీరు చెప్పిందే. రెండున్నర."

"కరెక్టే. రెండున్నరనే."

"అదే కదా తప్పు!"

"రెండున్నర తప్పెట్లయితది? డ్రాయింగ్‌ల ఉన్నదే రెండున్నర."

"డ్రాయింగులో ఉన్నది ఎనిమిది, యాదగిరి గారూ!"

"అవ్! ఎనిమిదంటే రెండున్నరనే గద!"

నాకు తల తిరిగింది. ఈయన నాతో ఆటలాడుతున్నాడా, ఎండకు ఏమన్నా అయిందా అనుకున్నాను. ఆయన కూడా నన్ను అట్లాగే చూస్తున్నాడు. చివరికి సంచిలో చెయ్యి పెట్టి, అరచేయంత తెల్లటి ముక్క తీసి బల్ల మీద పెట్టాడు. గాలి కోసం డోమ్‌కు రంధ్రం చేసినప్పుడు కోసి తీసిన ముక్క. పక్కనే నా పెన్సిల్ ఉంది. ముక్క అంచు పెన్సిల్ కన్నా కొంచెం మందంగా ఉంది.

ఎస్తేరు స్కేలు తెచ్చి పెట్టింది. "అక్కా, ఎనిమిది మిల్లీమీటర్లు. గీతకు కొద్దిగ తక్కువ."

"రెండున్నర సూత్లు మేడం," అన్నాడు యాదగిరి గారు. "మా పనోళ్లకు మిల్లీమీటర్లు జెప్తే ఎక్కది. డ్రాయింగ్ రాంగనే సూత్ల కింద మార్చుకుంట."

అంగుళాన్ని ఎనిమిది భాగాలు చేస్తే ఒక భాగం సూత్. మా దగ్గర ఇనుప కడ్డీ కొన్నా, చెక్క కోసినా, అద్దం బిగించినా సూత్లే. రెండున్నర సూత్లంటే ఎనిమిది మిల్లీమీటర్లకు వెంట్రుక వాసి తక్కువ. ఆ మనిషి డ్రాయింగు ఎట్లా ఉందో అట్లాగే చేశాడు. నేను సూత్‌ను మిల్లీమీటర్‌గా విన్నాను.

ఈ మాట ఎవరికి తెలియకపోయినా నాకు తెలియాలి. మా నాన్న వడ్రంగి, కర్మన్‌ఘాట్‌లో దర్వాజలు, కిటికీలు చేసేవాడు. చిన్నప్పుడు టేపు రెండో కొస పట్టుకునేదాన్ని నేనే. "ఒక్క సూత్ జరుగు బిడ్డా" అనేవాడు. ఇంజనీరింగు మొదటి ఏడాది డ్రాయింగు క్లాసులో నేను అలవాటుగా "మూడు సూత్లు సార్" అన్నాను. క్లాసంతా గొల్లుమంది. ఆ రోజు నుంచి ఆ మాట నోట్లోంచి తీసేశాను, ఇంట్లో నాన్నతో కూడా మిల్లీమీటర్లే మాట్లాడాను. నాన్న టేపును మిల్లీమీటర్లున్న రెండో వైపు తిప్పి చూసుకునేవాడు. ఇదంతా ఆ ముక్క చూస్తుంటే ఒక్కసారి గుర్తొచ్చింది. సిగ్గేసింది. నాన్న పోయి అప్పటికి తొమ్మిదేళ్లు.

ఎందుకో ఆ సంగతి యాదగిరి గారికి చెప్పాను. ఆయన, "వడ్ల పనాయన బిడ్డయ్యుండి సూత్ మర్చిన్రా మేడం!" అన్నాడు. ఎగతాళిగా కాదు, నా మీద జాలిపడ్డట్టుగా అన్నాడు. అదే ఎక్కువ తగిలింది.

ఆయన ఎదురుగానే ప్రసాద్ గారికి ఫోన్ చేశాను. నేను పంపిన రిపోర్టు తప్పు, డోమ్ మంచిదే అన్నాను.

"అదేంటండీ మేడమ్ గారూ! నిన్ననే మా పెద్దాయనకి చూపించేశానండీ. డోమ్ మంచిదైతే మరి ఆ వాన ఎక్కణ్నుంచి వస్తోంది?"

"ఇంకా తెలియదు."

"తెలియదంటే ఎలాగండీ? సోమవారం మీటింగులో మిగతా డోమ్‌ల పని వేరేవాళ్లకి ఇచ్చేస్తున్నారు. మీరు డోమ్ మంచిదంటే చాలదు. చెడ్డది ఏదో చూపించాలి."

ఆయన అన్నది నిజం. నా తప్పు నేను ఒప్పుకున్నంత మాత్రాన యాదగిరి గారి పేరు తిరిగి రాదు. చేతిలో ఉన్నవి అయిదు రోజులు.

మందం సరిచేసి, ముందు డోమ్ ఒక్కదాన్నే మళ్లీ నడిపించాం. మరునాటికి ఫలితం వచ్చింది. గోడ ఉన్నట్టే లేదు, తరంగం సాఫీగా దాటిపోతోంది. అంటే దోషం డోమ్ బయట ఉంది. మాకిచ్చిన మిద్దె బొమ్మలో పిట్టగోడ తప్ప ఏమీ లేదు. యాదగిరి గారిని మళ్లీ పిలిపించి, "మీరు డోమ్ బిగించిన రోజుకూ ఇప్పటికీ ఆ మిద్దె మీద ఏమన్నా మారిందా?" అని అడిగాను.

"ఏం మారలే మేడం," అని, మళ్లీ తనే, "ఒక్కటుంది. మేము బిగిచ్చిననాడు నీడే లేకుండె, ఎండకు సచ్చినం. మొన్న పోతే రేకుల షెడ్డు ఏసిన్రు. దాని కిందనే కూసొని సద్ది తిన్నం," అన్నాడు.

"డోమ్‌కు ఎటు దిక్కు?"

ఆయన లేచి నిలబడి, మిద్దె మీద ఉన్నట్టే ఇటు తిరిగి, అటు తిరిగి, చెయ్యి చాపాడు. "గిటు విజయవాడ రోడ్డు. గిటు రింగ్ రోడ్డు. అంటే... తుర్కయంజాల్ దిక్కు."

ఎస్తేరు నా మొహం చూసింది. ఆ షెడ్డు కొలతలన్నీ కావాలని నేను ఆయనకు చెప్పాను.

ఆ సాయంత్రమే యాదగిరి గారు టేపు పట్టుకుని మిద్దెక్కి, ఒక్కో కొలతా ఫోన్‌లో చెప్పాడు. ప్రతి అంకెకూ "ఏంది? ఫీట్లా, ఇంచులా, సూత్లా?" అని అడిగాను. ఆయన విసుక్కోలేదు గానీ, చివరికి "మేడం, రేకు పొడుగు సూత్లల్ల ఎవడన్న కొలుస్తడా?" అన్నాడు.

మిద్దె మీది షెడ్డు కలిసేసరికి లెక్క మూడింతలైంది. రేకు మడతలు సన్నగా ఉంటాయి కాబట్టి అక్కడ మెష్ మరీ చిన్నగా కొయ్యాలి. శుక్రవారం పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నానికి ఎస్తేరు తల పట్టుకుంది. మేం మిద్దెను పదహారు సమాన ముక్కలు చేసి పంచాం. మడతలన్నీ ఒక్క మిషన్ నెత్తిన పడ్డాయి. పక్కవాళ్ల ఫలితం అందితే తప్ప ఎవరూ ముందుకు కదలలేరు. ఆ ఒక్కటి వేడెక్కి రొప్పుతుంటే, మిగతా పదిహేను ఖాళీగా కూర్చున్నాయి. ఇట్లా అయితే బుధవారానికి గానీ తేలదు.

యాదగిరి గారు ఆ రోజూ వచ్చి ఉన్నాడు. తన ఫైబర్ షెడ్డులో పని ఆగిపోయింది, ఇంట్లో కూర్చోలేకపోతున్నానన్నాడు. ఏమైందని అడిగితే ఎస్తేరు చెప్పింది. ఆయన ఆశ్చర్యపోయాడు.

"జాగ చూసి పంచుతరా ఎవరన్న? మా దగ్గర డోమ్ మీద ఫైబర్ మ్యాట్ పరిచేటప్పుడు, వంపున్న కాడ ఇద్దర్ని పెడత, సాపుగున్న కాడ ఒక్కడే చాలు. పని చూసి పంచాలె."

ఎస్తేరు పకపకా నవ్వింది. "అక్కా, లోడ్ బ్యాలెన్సింగ్! మనకు రాక కాదు, తొందరల చెయ్యలే. ఈయన వచ్చి చెప్పాల్సి వచ్చింది."

మడతలున్న ముక్కను ఏడు మిషన్లకు విడగొట్టి, సాఫీగా ఉన్న మిద్దెను తొమ్మిదింటికి వదిలేశాం. ఈసారి పదహారూ కలిసి కదిలాయి. శనివారం కరెంటు రెండుసార్లు పోయింది గానీ బ్యాటరీలు కాపాడాయి. ఆదివారం చర్చి నుంచి నేరుగా వచ్చిన ఎస్తేరు, పట్టుచీర మార్చుకోకుండానే తెర ముందు కూర్చుంది. పన్నెండు దాటాక ఫలితం వచ్చింది. రాడార్ తుర్కయంజాల్ వైపు తిరిగినప్పుడు మాత్రమే, తరంగంలో కొంత ఆ రేకుల మీద పడి, పక్కకు తిరిగి, ఎల్‌బీ నగర్ వైపున్న ఎత్తైన అపార్ట్‌మెంట్ల మీదికి పోతోంది. వాటి నుంచి తిరిగొచ్చిన తరంగాన్ని రాడార్ తుర్కయంజాల్ వానగా చదువుకుంటోంది. మిగతా దిక్కులన్నీ శుభ్రం. ఎస్తేరు మొదటి రోజు అడిగిన ప్రశ్నకు జవాబు అదే.

సోమవారం పొద్దున్నే ప్రసాద్ గారికి ఫోన్ చేసి, "మీటింగుకు ముందు ఆ షెడ్డుకు డోమ్ వైపున్న రేకులు ఒక గంట విప్పించండి" అన్నాను. ఆయన గొణిగారు గానీ విప్పించారు. యాదగిరి గారు మా ఆఫీసులోనే, అదే కుర్చీ అంచున కూర్చుని ఉన్నాడు. టీ చల్లారిపోయినా తాగలేదు. పదిన్నరకు ఫోన్ మోగింది. స్పీకర్‌లో పెట్టాను.

"వెలిసిందండీ మేడమ్ గారూ! తుర్కయంజాల్‌లో వాన వెలిసిపోయింది!"

యాదగిరి గారు రెజిన్ మరకల చేతుల్తో మొహం కప్పుకున్నాడు.

ఆరు డోమ్‌ల పని ఆయనకే వచ్చింది. రెండో రిపోర్టులో 'సవరించిన వివరాల ప్రకారం' అని రాస్తే చాలని ప్రసాద్ గారు సలహా ఇచ్చారు. నా మంచికే చెప్పారు. నేను అట్లా రాయలేదు. తయారీదారు కొలత సరైనదే, ఆ కొలత దేనిలో చెప్పారో అడగకుండా లెక్కలో వేసింది నేను, అని రాసి సంతకం చేశాను. ఆ తర్వాత ఆ కంపెనీ మాకు చాలాకాలం పని ఇవ్వలేదు. ఇవ్వకపోవడం న్యాయమే.

ఆ తెల్లటి ముక్క ఇప్పటికీ నా బల్ల మీద, కాగితాలు ఎగరకుండా ఉంటుంది. కొత్తగా పనిలో చేరినవాళ్లకు దాన్ని చేతికిచ్చి, మందం ఎంతో చెప్పమంటాను. మా పదహారు మిషన్లు రెండు రోజుల పాటు కోట్ల సమీకరణాలు విప్పాయి, ఒక్కటంటే ఒక్క అంకె తప్పు చెయ్యలేదు. ఎంత లెక్క కట్టినా "రెండున్నర ఏంది?" అని అవి అడగవు. అడగాల్సింది నేను. అడిగితే ఒక్క నిమిషం పట్టేది, నేను ఆ మనిషిని అయిదు రోజులు ఆ కుర్చీ అంచున కూర్చోబెట్టాను.

ఆ ఏడాది దసరా ముందు యాదగిరి గారు ఫోన్ చేశాడు. వెనకాల అదే గ్రైండర్ రొద.

"మేడం, ఆరు డోమ్‌లు అయిపోయినయ్. అన్నీ రెండున్నరనే!"

"రెండున్నర ఏంది?" అన్నాను.

అవతల పెద్దగా నవ్వు. గ్రైండర్ ఆపమని ఎవరికో చెప్పాడు. రొద ఆగింది.

"సూత్లు మేడం. మీ నాయిన సూత్లు."